క్లిప్పు అన్నందుకు

నవ్వు మొదట వెనక వరసలోంచి వచ్చింది. ఎవరో ముక్కుతో ఆపుకోబోయి ఆపుకోలేకపోయిన నవ్వు. అది కుర్చీల మధ్యనుంచి పాకి, గోడలకి ఆనుకుని నిలబడ్డవాళ్ళని అందుకుని, క్షణంలో రైతుసంఘంవాళ్ళ గ్రేంజ్ హాలంతా నిండిపోయింది. మైకు ముందున్న అమ్మాయి చదవడం ఆపేసింది. తానేం తప్పు చదివిందో తెలియక, చేతిలోని కాగితాన్ని తిప్పి వెనకవైపు కూడా చూసుకుంది. అక్కడ ఏమీ లేదు.

ఆ అమ్మాయి పేరు కోరిన్ లవాలీ. హార్లో మిల్స్ ఊరి బడిలో రెండో తరగతికి చెబుతుంది.

"జుట్టుకి పెట్టుకునే క్లిప్పా, కాగితాలకి పెట్టేదా, టీచరమ్మా?" అన్నాడు ముందు వరసలోంచి మెర్ల్ బాస్కమ్. మెర్ల్ ఊళ్ళోని తుపాకుల క్లబ్బుకి అధ్యక్షుడు. ఆ మాటతో నవ్వు రెండో విడత లేచింది.

తుపాకికి తగిలించే తూటాల పెట్టెని అక్కడ మేగజైన్ అనాలి. క్లిప్పు అన్నవాళ్ళకి తుపాకి సంగతి తెలియదని ఒక లెక్క. తెలియనివాళ్ళు తుపాకుల చట్టం గురించి నోరెత్తకూడదని ఇంకో లెక్క. అందుకని ఎవరైనా ఆ మాట అనగానే నవ్వడం వాళ్ళకి తుమ్మినవాళ్ళని చూసి చిరంజీవ అన్నంత అలవాటు. వెర్నా టటిల్ కూడా నవ్వింది. తన నవ్వు తన చెవికి వినిపించాక గానీ నవ్వినట్టు ఆమెకి తెలియలేదు. అరవై ఎనిమిదేళ్ళ ఆడమనిషి, అందులో ఇరవై ఆరేళ్ళు తుపాకులు బాగుచేసే బెంచీ ముందే కూర్చుంది. నవ్వు దానంతటదే వచ్చేసింది.

రాష్ట్ర రాజధాని మాంట్‌పీలియర్ నుంచి వచ్చిన శాసనసభ కమిటీ వేదిక మీద పొడుగు బల్ల వెనక కూర్చుని ఉంది. పదికి మించి తూటాలు పట్టే మేగజైన్లు ఇకమీదట రాష్ట్రంలో అమ్మకూడదు, కొనకూడదు అని బిల్లు. దాని మీద ఊరివాళ్ళు ఒక్కొక్కరు రెండేసి నిమిషాలు మాట్లాడవచ్చు. అధ్యక్షురాలు చెక్క సుత్తితో బల్ల మీద కొట్టింది.

"నిశ్శబ్దం! చెప్పండమ్మా, మీకింకా పావు నిమిషం ఉంది."

కోరిన్ కాగితం మడిచేసింది. "నాది ఒక్కటే ప్రశ్న. ఒకటి ఖాళీ అయ్యాక తీసేసి ఇంకోటి పెట్టుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుంది? ఇక్కడ ఇంతమంది తెలిసినవాళ్ళున్నారు. ఎవరైనా చెప్తారా?"

గంట మోగింది.

"కమిటీ వింటుందమ్మా, జవాబులు చెప్పదు," అంది అధ్యక్షురాలు, కొంచెం జాలిగానే. "తర్వాతి పేరు."

హాల్లో మూడువందలమంది ఉన్నారు. అందులో సగంమందికి ఆ జవాబు వేళ్ళలోనే ఉంది. ఒక్కరూ పెదవి విప్పలేదు. కోరిన్ రబ్బరు బూట్లు వేసుకుని, ఏప్రిల్ బురదలో కారుదాకా ఒక్కతే నడిచి వెళ్ళడం వెర్నా కిటికీలోంచి చూసింది. ఎవరు వెళ్ళిపోతున్నా కనుచూపు మేర దాటేవరకూ చూడటం ఆమెకి అలవాటు. చూడకపోతే ఏదో అయిపోతుందని భయం. కారు ఎర్రదీపాలు మిల్లు మలుపు తిరిగాక తల తిప్పింది.

పిలవాల్సిన పేర్లు ఇంకా చాలా మిగిలాయి. మిగతావాళ్ళని శుక్రవారం వింటామని చెప్పి కమిటీ లేచింది. గుమ్మం దగ్గర మెర్ల్ వెర్నా చేతిలో ఒక కాగితం పెట్టాడు.

"శుక్రవారం నీ నంబరు నలభై ఒకటి. బిల్లు వద్దని రాశాను. ఇది చదివెయ్యి, చాలు. నీలాంటి పెద్దావిడ చెబితే ఆ పట్నంవాళ్ళు కాదనలేరు. మేం చెబితే మా మీసాలు చూసే భయపడి చస్తారు."

"ఆ అమ్మాయి అడిగినదానికి ఎవరూ చెప్పలేదేం మెర్ల్?"

"ఏమడిగింది?" అన్నాడు మెర్ల్. నిజంగానే వినలేదు.

* * *

మర్నాడు పొద్దున వెర్నా ఇంటి పొయ్యి ఆర్పిందో లేదో రెండుసార్లు చూసుకుని, ఎనిమిది కొట్టేసరికి బెంచీ దగ్గర ఉంది. డ్వైట్ టాట్రో తుపాకుల దుకాణం వాళ్ళ తాత కాలంలో పాలు పితికే సాల. నేల పలకలకి మధ్యలో కడిగిన నీళ్ళు పోయే వాలు ఇప్పటికీ ఉంది. మూల కట్టెల పొయ్యి, కిటికీ పొడుగునా ఒకే బెంచీ, దాని ముందు రెండు స్టూళ్ళు. వెలుతురు బాగా పడే వైపుది వెర్నాది.

ఆవేళ ఆమె ముందు ఉన్నది ఒక మేగజైన్. "మూడో తూటా దగ్గర ఇరుక్కుంటోంది" అని చీటీ కట్టి ఉంది. అడుగు రేకుని బొటనవేలితో నొక్కిపట్టి పక్కకి జరిపింది. అజాగ్రత్తగా ఉంటే లోపలి స్ప్రింగు పైకప్పు దాకా ఎగురుతుంది. దాన్ని కోడిపిల్లని పట్టుకున్నట్టు అరచేతిలోకి దించుకుంది. పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో పెట్టె లోపల మడ్డి తోమింది. తర్వాత పెదవులు చూసింది. తూటా బయటికి వచ్చే చోట రేకు రెండు పక్కలా లోపలికి వంగి ఉంటుంది, దాన్ని పెదవులంటారు. ఎడమ పెదవి వెంట్రుకవాసి విచ్చుకుని ఉంది. నున్నని పట్టకారుతో పట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్క నొక్కు నొక్కింది.

పక్క స్టూలు మీద డ్వైట్ ఒక తుపాకి కొయ్య మడమకి ఆకురాయి పడుతున్నాడు. ఆమెకంటే ఏడాది చిన్న. పొడుగు మనిషి, కూర్చున్నా ఒంగే ఉంటాడు.

"నిన్న భలే నవ్వించిందిలే ఆ పిల్ల. క్లిప్పంట."

"డ్వైట్, అసలెంతసేపు పడుతుంది?"

"దేనికి?"

"మార్చడానికి. ఒకటి తీసి ఇంకోటి పెట్టడానికి."

"ఏమో. తుమ్మినంతసేపు."

"తుమ్ము ఎంతసేపు?"

డ్వైట్ ఆకురాయి ఆపి ఆమె వంక చూశాడు. వేలకొద్దీ సార్లు చేసిన పని, దానికెంత పడుతుందో ఎప్పుడూ కొలవలేదన్న సంగతి అప్పుడే తట్టినట్టుంది. లేచి, మేకుకి వేలాడుతున్న స్టాప్‌వాచీ తీసి ఆమె ఒళ్ళో పడేశాడు. క్లబ్బు పోటీలకి వాడేది అది. గోడనున్న రైఫిలు దించి, ఖాళీ అని తాను చూసుకుని ఆమెకి చూపించి, గొట్టం ఇసుక డబ్బా వైపు తిప్పి నిలబడ్డాడు. ఎర్ర ప్లాస్టిక్కు ఉత్తుత్తి తూటాలు నింపిన పెట్టె ఇంకొకటి నడుముకి దోపుకున్నాడు.

"పట్టు."

టక్కుమని పాతది కిందపడింది, టక్కుమని కొత్తది ఎక్కింది.

"రెండు సెకన్లు, పైన నాలుగు పదోవంతులు."

"చలికి వేళ్ళు బిగుసుకున్నాయి. ఇంకోసారి పట్టు."

నాలుగుసార్లు చేశాడు. నాలుగోసారి సరిగ్గా రెండు. పదేళ్ళవాడిలా మురిసిపోయి, "ఇప్పుడు నువ్వు" అన్నాడు. వెర్నా వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా ఉంటాయి. పెట్టె ఊడే మీట దొరకబుచ్చుకుని, కొత్తదాన్ని గాడిలోకి ఎక్కించి, అరచేత్తో కొట్టేసరికి ఎనిమిది అయింది.

"నీ ఎనిమిదిలో నేను కాఫీ తాగి కప్పు కడిగొస్తా," అని నవ్వాడు డ్వైట్. "ఇంతకీ ఇదంతా దేనికి?"

"ఆ అమ్మాయి అడిగింది కదా."

డ్వైట్ నవ్వు దిగిపోయింది. రైఫిలు గోడకి తగిలించాడు.

"అది మనం చెప్పాల్సిన జవాబు కాదు వెర్నా. రెండంటే రెండుకి ఒక ఉరితాడు పేనుతారు, ఎనిమిదంటే ఎనిమిదికి ఇంకోటి పేనుతారు. మెడ మాత్రం మనదే. నేనుండే చోటికి షెరిఫ్ పోలీసుకారు రావాలంటే బురదకాలంలో యాభై నిమిషాలు. మొన్న ఆ తాగుబోతు వెధవ మా చెల్లెలి తలుపు బాదినప్పుడు ఎవరొచ్చారు? నేనొచ్చాను. నా జన్మలో ఒక్క మనిషి మీద గురిపెట్టలేదు. ఎక్కడో ఎవడో రాక్షసుడు చేసినదానికి నా తూటాలు లెక్కపెడతామంటే ఒప్పుకోవాలా?"

వెర్నా మళ్ళీ పట్టకారు అందుకుంది. అతని మాటలో తప్పు కనిపించలేదు. ఆ అమ్మాయి ప్రశ్నలోనూ కనిపించలేదు. అదే ఆమెకి అంతుబట్టలేదు.

* * *

గురువారం బడి వదిలాక కోరిన్ లవాలీ దుకాణానికి వచ్చింది. చీలమండల దాకా బురద. చంకలో ఊరవేసిన దోసకాయల జాడీ. గుమ్మంలోనే నిలబడిపోయింది, లోపలికి రావడానికి వేరే అనుమతి ఏదైనా ఉందేమో అన్నట్టు.

"బూట్లు తుడుచుకుంటే చాలు," అంది వెర్నా.

"ఇవి మీకే. మా అమ్మ పెట్టింది." జాడీ బెంచీ మీద పెట్టింది. "నాకు ఆ మాట నేర్పుతారా? రేపు మళ్ళీ పేరిచ్చాను. ఈసారి నవ్వకుండా వింటే చాలు నాకు."

డ్వైట్ తలెత్తకుండా లేచి వెనకగదిలోకి పోయాడు. అక్కణ్ణుంచి ఆకురాయి చప్పుడు మొదలైంది, అవసరమైనదానికంటే గట్టిగా.

వెర్నా ఒక పాత సైనిక రైఫిలుకి వాడే ఇత్తడి పట్టీ తీసింది. దానికి అయిదు తూటాలు మడమల దగ్గర పట్టుకుని వేలాడుతున్నాయి. "క్లిప్పంటే ఇది. తూటాలని ఒక వరసన పట్టుకుంటుంది, అంతే. మేగజైన్ ఇది. పెట్టె, లోపల స్ప్రింగు. తూటాని పైకి తోస్తుంది."

"క్లిప్పు పట్టుకుంటుంది. మేగజైన్ తోస్తుంది." కోరిన్ వేళ్ళ మీద చెప్పుకుంది. "పట్టుకుంటుంది, తోస్తుంది. మా పిల్లలకి ఇలాగే చెప్తాను, కూడికకీ తీసివేతకీ."

"ఇంకో సంగతి. ఆటోమేటిక్ అనకు. ట్రిగ్గరు ఒక్కసారి నొక్కిపడితే అదే పేలుతూ పోయేది ఆటోమేటిక్. ఇవి సెమీ ఆటోమేటిక్, నొక్కిన ప్రతిసారీ ఒకటి. ఆ తేడా చెప్పలేకపోయినా నవ్వుతారు."

"మీరూ నవ్వారు," అంది కోరిన్. నిష్ఠూరంగా కాదు, ఉన్నమాట అన్నట్టు.

"నవ్వాను," అంది వెర్నా.

కోరిన్ బెంచీ మీది మేగజైన్ చేతిలోకి తీసుకుంది. "ఒకసారి నేను మార్చి చూడొచ్చా?" అని అడిగింది కోరిన్. వెర్నా రైఫిలు ఖాళీ అని చూపించి, గొట్టం ఇసుక డబ్బా వైపు పెట్టించి, స్టాప్‌వాచీ నొక్కింది. ఆ అమ్మాయి పెట్టెని తలకిందులుగా పట్టుకుంది. తిప్పింది. మీట కోసం తప్పువైపు వెతికింది. గాడిలో పెట్టి నొక్కింది, ఊడి వచ్చింది, మళ్ళీ నొక్కింది. నుదుటి మీద చెమట పట్టింది.

"పంతొమ్మిది."

"పంతొమ్మిది," అని కోరిన్ ఊపిరి వదిలింది. "మా క్లాసులో పదిహేడుమంది. చాప మీద కూర్చుని కథ వింటుంటారనుకోండి. నేను చెయ్యెత్తితే లేచి, చప్పుడు చెయ్యకుండా కోట్లు తగిలించే గదిలోకి పోవాలి. ఎవడైనా తుపాకితో బడిలోకి వస్తే దాక్కోవడానికని నెలకొకసారి చేయిస్తాం. మొదట్లో నలభై సెకన్లు పట్టేది. ఇప్పుడు ఇరవై మూడు. అంతకంటే తగ్గడంలేదు. ఇద్దరికి చేతులు పట్టుకుంటే గానీ నడక రాదు, ఒకడు బొమ్మ కోసం వెనక్కి పరిగెడతాడు. నా ఇరవై మూడు నాకు తెలుసు. అటువైపు అంకె తెలియదు. అందుకడిగాను. ఇంకేమీ లేదు."

వెర్నా చేతికి పని కావాలని లేచి, స్ప్రింగుల కోసం గోడనున్న సొరుగుల వరస దగ్గరికి వెళ్ళింది. ఒక సొరుగు లాగింది. కోరిన్ ఆమె భుజం మీదుగా ఆ సొరుగు మీద అతికించిన చీటీ చదివింది. పసుపెక్కిన కాగితం, వంకర పెన్సిలు అక్షరాలు.

"క్లిప్పులు అని రాసుంది," అంది.

వెర్నా చూసింది. ఇరవై ఆరేళ్ళుగా రోజుకి నాలుగుసార్లు లాగుతున్న సొరుగు. ఆ చీటీ ఆమె కంటికి ఆనడం ఎప్పుడో మానేసింది. లోపల ఉన్నవన్నీ మేగజైన్ల స్ప్రింగులు.

వెనకగదిలో ఆకురాయి ఆగింది. డ్వైట్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మా నాన్న రాత," అన్నాడు. "ఆయన అలాగే అనేవాడు. అప్పట్లో అందరం అదే అనేవాళ్ళం."

"మరి నవ్వడం ఎప్పుడు మొదలైందండీ?" అని అడిగింది కోరిన్.

డ్వైట్ ఆలోచించాడు. అడిగిన ప్రశ్నకి ఆలోచించి గానీ జవాబు చెప్పడు, అది అతని గుణం. "ఆ మాట పెట్టి మీరు చట్టాలు రాయడం మొదలెట్టినప్పటినుంచి," అన్నాడు.

కోరిన్ తల ఊపింది. వెర్నాకి థాంక్స్ చెప్పి, గుమ్మం ముందు పలకల మీదుగా బురదలోకి దిగింది. కారు రోడ్డెక్కేవరకూ కిటికీ దగ్గర నిలబడ్డ వెర్నా వెనక్కి తిరిగేసరికి డ్వైట్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో పని లేకుండా.

"రేపు నువ్వు మెర్ల్ కాగితమే చదువుతావు కదా."

"అడిగినదానికి జవాబు తెలిసీ..."

"వెర్నా. ఈ దుకాణం క్లబ్బువాళ్ళ మీద నడుస్తోంది. అది వదిలెయ్. నా పక్కన కూర్చుని, నా వేళ్ళని కొలిచి, ఆ అంకె పట్టుకెళ్ళి వాళ్ళ చేతిలో పెడితే, మళ్ళీ నా పక్కన కూర్చోవడం నావల్ల కాదు. శనివారం వచ్చి నీ ఆకురాళ్ళు తీసుకుపో. కోపంతో అనడంలేదు. ముందే చెప్తున్నాను."

కోపంతో అనలేదు. అదే ఆమెని భయపెట్టింది. కోపంగా అన్నమాట డ్వైట్ ఎప్పుడూ సాయంత్రానికి మరిచిపోయేవాడు. వెర్నాకి ఇల్లుంది, పింఛను వస్తుంది. కానీ పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలి అంటే ఈ స్టూలు దగ్గరికే. ఎవరితో మాట్లాడాలి అంటే ఈ మనిషితోనే. పొయ్యి ఆర్పానా లేదా అని రెండుసార్లు చూసుకునే మనిషికి, మూడోసారి చూసుకోకుండా గడప దాటించేది ఆ స్టూలే.

* * *

శుక్రవారం హాలు మంగళవారం కంటే కిక్కిరిసింది. తడికోట్ల వాసన, కాఫీ వాసన. ముప్పై ఎనిమిదో నంబరు కోరిన్. నెమ్మదిగా, తప్పులేకుండా చదివింది. మేగజైన్ అంది. సెమీ ఆటోమేటిక్ అంది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ వినలేదు కూడా. నవ్వడానికి ఏమీ దొరకదని తెలిశాక జనం పక్కవాళ్ళతో బురద గురించీ, మేపుల్ చెట్ల పాకం ఈ ఏడు పలచబడ్డం గురించీ మాట్లాడుకోసాగారు. ఆమె చివర మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. గంట మోగింది. నేర్చుకున్న మాట నోట్లోనే ఉండగా వచ్చి కూర్చుంది.

మాట సరిదిద్దితే వింటారని ఆ అమ్మాయికి ఆశ పెట్టింది తనే కదా అనుకుంది వెర్నా.

"నలభై ఒకటి. టటిల్."

మైకు ఆమెకి ఎత్తుగా ఉంది. ఎవరో వచ్చి దించారు. కోటు జేబులో మెర్ల్ కాగితం చేతికి తగిలింది. మూడో వరసలో డ్వైట్ టోపీ మోకాలికి తగిలించుకుని కూర్చుని ఉన్నాడు. అతని వైపు చూడకూడదనుకుంది, చూసింది.

"నేను టాట్రో దుకాణంలో పనిచేస్తాను," అంది. "ఆ టీచరమ్మ రెండుసార్లు ఒకటే అడిగింది. ఎవరూ చెప్పలేదు. నేను కొలిచాను. బాగా అలవాటున్న మనిషికి రెండు సెకన్లు. నా వేళ్ళకి ఎనిమిది. ఎప్పుడూ ముట్టని మనిషికి మొదటిసారి పంతొమ్మిది."

ఒక్క క్షణం హాలు చెవులొగ్గింది. అంతే.

"రెండు!" అని లేచాడు మెర్ల్. "విన్నారా? రెండే రెండు! పది పెడితే ఏంటి, ముప్పై పెడితే ఏంటి? దేనికి ఈ చట్టం?"

"పంతొమ్మిది కూడా అంది!" అని అరిచింది వెనకనుంచి ఒకావిడ. "పంతొమ్మిది సెకన్లలో గదంతా ఖాళీ అవుతుంది!"

"కాల్చడానికి వచ్చేవాడు అలవాటు లేకుండా వస్తాడా?"

"వచ్చినవాళ్ళు లేరా?"

"ఎనిమిది సంగతేంటి? ఎనిమిది ఎవరికి?"

మూడంకెలూ హాల్లో బంతుల్లా అటూ ఇటూ ఎగిరాయి. ఎవరికి నచ్చింది వాళ్ళు పట్టుకున్నారు. వెర్నా మైకు ముందు నిలబడి వింటూ ఉండిపోయింది. ఒకటే జవాబు చెప్పాననుకుంది, మూడు చెప్పింది. ఏది దేనికి జవాబో తనకే తెలియలేదు. చెక్క సుత్తి చాలాసేపు మోగింది.

"మిసెస్ టటిల్," అంది అధ్యక్షురాలు, "మీరు బిల్లుకి అనుకూలమా, వ్యతిరేకమా? గుమాస్తా రాసుకోవాలి."

"అడిగింది కదా అని చెప్పాను."

"అలాంటి గడి లేదండీ," అన్నాడు గుమాస్తా, కలం పైకెత్తి.

"అయితే ఖాళీగా వదిలెయ్ బాబూ."

కూర్చోవడానికి తిరిగింది. మూడో వరసలో డ్వైట్ కుర్చీ ఖాళీగా ఉంది. కిటికీ అవతల అతని ట్రక్కు ఎర్రదీపాలు మలుపు తిరిగిపోయాయి. ఆ చూపు మాత్రం ఆమెకి ఆలస్యంగా దక్కింది, సగమే.

* * *

శనివారం ఎనిమిదింటికి కాదు, తొమ్మిదిన్నరకి వెళ్ళింది. పని కోసం వచ్చిందనుకుంటాడేమోనని. దుకాణం ముందు మెర్ల్ ట్రక్కు ఆగి ఉంది. తలుపు తీసేసరికి మెర్ల్ గొంతు.

"రెండేంటి నీకు? నాకు ఒకటిన్నర. ఊరంతా డ్వైట్ రెండు, డ్వైట్ రెండు అంటున్నారు. ఎవరు పెట్టారు ఈ లెక్క? నన్ను కొలవమను."

డ్వైట్ స్టాప్‌వాచీ పట్టుకుని బెంచీకి ఆనుకుని ఉన్నాడు. ఆమె వచ్చినట్టు చూశాడు, పలకరించలేదు. వెర్నా తన వైపుకి వెళ్ళి, నూనెగుడ్డ పరిచి, ఆకురాళ్ళు ఒక్కొక్కటీ దులిపి పేర్చసాగింది. బల్లపరుపువి, గుండ్రటివి, ఎలకతోకలాంటి సన్నవి. పదకొండు. గుడ్డ మూటకట్టి చేతిలోకి తీసుకుంది.

మెర్ల్ రైఫిలు ఖాళీ అని చూసుకుని, ఇసుక డబ్బా వైపు తిప్పి, మోకాళ్ళు వంచి, పోటీలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. టక్కు. టక్కు.

"రెండూ పైన ఎనిమిది," అన్నాడు డ్వైట్.

"నీ పెట్టెలు బిగుతు. సబ్బు రాయి వాటికి."

వేరే రోజయితే డ్వైట్ ఈ మాటకి వారంరోజులు ఏడిపించేవాడు. ఇప్పుడు నవ్వలేదు. వాచీ వంకే చూస్తున్నాడు. "ఇంకోసారి చెయ్యి," అన్నాడు. వాచీ మెర్ల్ జేబులో వేసి, వచ్చి బెంచీ పక్కన నిలబడ్డాడు.

"నువ్వు కొలవవా?"

"కొలుస్తా. నువ్వు మొదలెట్టు."

పాత పెట్టె కింద పడ్డ చప్పుడుకి డ్వైట్ గొట్టానికి వ్యతిరేక దిక్కున, తప్పించుకుపోయేవాడిలా కదిలాడు. పొడుగు కాళ్ళు, బరువు బూట్లు. రెండో టక్కు వినగానే ఆగిపోయాడు. పొయ్యి దాకా కూడా రాలేదు. కాళ్ళకిందికి చూసుకున్నాడు.

"నాలుగడుగులు," అన్నాడు.

మెర్ల్ రైఫిలు దించాడు. "ఏం చేస్తున్నావురా?"

"అంకె చెప్తే నాకు తెలియలేదు. రాత్రంతా రెండు, రెండు అనుకున్నాను. రెండంటే ఎంతో తెలియలేదు." వెర్నా వైపు తిరిగాడు. "నువ్వు చెయ్యి."

"నేను ఆకురాళ్ళ కోసం వచ్చాను."

"ఆ మూట కింద పెట్టు వెర్నా. రెండు చేతులూ కావాలి దీనికి."

ఆమె అతని మొహంలోకి చూసింది. అక్కడ క్షమించడం లాంటిదేమీ లేదు. ముడిపడిన నుదురు, తెగని లెక్క ముందు కూర్చున్నప్పటి మొహం. మూట బెంచీ మీద, తన వైపునే పెట్టింది. రైఫిలు అందుకుంది. ఖాళీ అని చూసుకుంది. గొట్టం ఇసుక మీద.

"కానీ," అన్నాడు మెర్ల్, వాచీ బయటికి తీసి.

మీట కోసం బొటనవేలు తడుముకుంటుంటే వెనక బూట్ల చప్పుడు వినబడింది. పలకల మీద, గడప మీద, గుమ్మం ముందు చెక్కల మీద, తర్వాత బురదలో చప్పగా. ఆమె చూడలేదు. వెళ్ళిపోతున్న మనిషి వైపు చూడకుండా తన చేతుల వైపు చూసుకుంటూ ఉండటం ఆమెకి ఇదే మొదలు. పెట్టె గాడిలో పడింది. అరచేత్తో కొట్టింది.

"ఎనిమిది," అన్నాడు మెర్ల్.

ఇద్దరూ గుమ్మంలోకి వచ్చారు. డ్వైట్ రోడ్డు దాటి, అవతలి కంచె దగ్గర, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని రొప్పుతున్నాడు. అంత దూరాన మనిషి చిన్నగా కనిపించాడు. అతను వెనక్కి తిరిగి, దుకాణం గుమ్మాన్నీ, అందులో నిలబడ్డ ఇద్దరినీ, తాను వచ్చిన దారినీ చాలాసేపు చూశాడు. తర్వాత ఆ దారినే లెక్కపెట్టుకుంటూ నడిచి వచ్చాడు. బూట్లు తుడుచుకోలేదు.

"నేను ఇప్పటికీ ఆ బిల్లుకి వ్యతిరేకమే," అన్నాడు వెర్నాతో, ఊపిరి ఇంకా అందకుండానే. "మొన్నటిలాగే. అది వేరు."

"వేరే," అంది వెర్నా.

"ఇవి నా అడుగులు." అతను తన బూట్ల వంక చూసుకుని, మెర్ల్ వైపు తిరిగాడు. "నీ మనవరాలు రెండో తరగతే కదా? దాని అడుగు ఎంత ఉంటుంది?"

"ఎంతుంటుంది? ఇంత," అన్నాడు మెర్ల్. వాచీ జేబులో వేసుకుని, రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి చూపించాడు. చూపించిన చేతుల మధ్యకి తనే చూశాడు. కొంచెం దగ్గరికి జరిపాడు. మళ్ళీ చూశాడు. ఇంకొంచెం జరిపాడు.